ముదిమికి ఊరి పూచీ

స్మారకసభల్లో మనం గతించినవారి పటానికి దండ వేస్తాం, వారి మంచిని నలుగురికీ చెప్పుకుంటాం. అది చేయవలసిన పనే. అయితే పోయినవారిని తలచుకోవడానికి ఏడాదికి ఒక సాయంత్రం చాలు, బతికి ఉన్న వృద్ధులకు మాత్రం రోజూ ఎవరో ఒకరి తోడు కావాలి. అందుకే ఈ ఉపన్యాసానికి వృద్ధాప్యాన్ని విషయంగా తీసుకున్నాను. నేను ప్రతిపాదించేది ఒక్కటే. తెలుగునాట ముసలితనం బరువును తరతరాలుగా ఇల్లు ఒక్కటే మోసింది. ఆ ఇల్లు ఇప్పుడు చిన్నదైంది, మనుషులు తలోచోటుకూ చెదిరిపోయారు. కనుక ఇకమీదట పెద్దవారి సంరక్షణలో ఊరికి, అంటే పంచాయతీకి, పట్టణంలో వార్డుకు, వాటి వెనక నిలవాల్సిన ప్రభుత్వానికి చట్టబద్ధమైన వాటా ఉండాలి. పింఛనుతో ఆ బాధ్యత మొదలైంది. అది అక్కడే ఆగిపోయిందన్నది నా అభియోగం.

ముందు లెక్కలు చూద్దాం. 1941–51 దశకంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లు. ఇప్పుడది 70 దాకా వచ్చింది. మశూచి పోయింది, టీకాలు వచ్చాయి, కాన్పులు ఆసుపత్రులకు చేరాయి, పసిబిడ్డల చావులు తగ్గాయి. వృద్ధుల సంఖ్య పెరిగిందంటే ఈ కృషి అంతా ఫలించిందని అర్థం. దాన్ని సమస్య అని పిలిచేముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్లు, అంటే 8.6 శాతం. కేంద్రం నియమించిన నిపుణుల బృందం అంచనా ప్రకారం 2021 నాటికి వారు 13.8 కోట్లకు చేరారు, 2031 నాటికి 19 కోట్లు దాటుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021కే వారి వాటా 12.4 శాతానికి, తెలంగాణలో దాదాపు 11 శాతానికి చేరిందని అదే అంచనా. మరోవైపు పిల్లలు తగ్గుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే కావలసింది 2.1. ఫ్రాన్స్‌లో 65 ఏళ్లు దాటినవారి వాటా 7 నుంచి 14 శాతానికి పెరగడానికి 115 ఏళ్లు పట్టింది. ఆ వ్యవధిలో వాళ్లు ఆసుపత్రులు కట్టుకున్నారు, పింఛను చట్టాలు చేసుకున్నారు. మనకు అంత గడువు లేదు. అదే మార్పు మన దగ్గర ఒక్క తరంలో జరిగిపోతోంది.

ఈ ఒక్క తరంలోనే ఇంటి రూపం మారింది. నలుగురైదుగురు సంతానం ఉన్నచోట ఇప్పుడు ఒకరో ఇద్దరో ఉన్నారు. వారిలో ఒకరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, ఇంకొకరు డాలస్‌లోనో ఉంటారు. పేదింటి సంగతీ ఇంతే. పాలమూరు పల్లెల నుంచి కూలీలు వలస వెళ్తారు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. కోనసీమ, కడప ప్రాంతాల ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్తారు. వెళ్లినవారు పంపే డబ్బుతో ఊళ్లో ఇల్లు లేస్తుంది, ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు మిగులుతారు. అయినా కృతఘ్నులైన కొడుకుల కథ చెప్పి చేతులు దులుపుకోవడానికి ఆధారాలు ఒప్పుకోవు. 2017–18లో ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ నేతృత్వంలో, 72 వేల మందికి పైగా పెద్దవారిని కలిసి జరిపిన లాసీ సర్వేలో, 60 దాటినవారిలో పూర్తిగా ఒంటరిగా బతుకుతున్నవారు వందకు ఆరుగురి లోపే తేలారు. ఎక్కువమంది ఇప్పటికీ భార్యతోనో, భర్తతోనో, పిల్లలతోనో ఉంటున్నారు. పిల్లలు వదిలేయలేదు. కానీ ఒకే కప్పు కింద ఉండటం వేరు, పగలు పదకొండు గంటలకు మంచినీళ్లు అందించే మనిషి ఇంట్లో ఉండటం వేరు. ఉమ్మడి కుటుంబం పెద్దల్ని చూసుకుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజానికి చూసుకున్నది కోడళ్లు, కూతుళ్లు. జీతం లేని వారి చాకిరీ మీద ఆ వ్యవస్థ నడిచింది. ఆ కోడలు ఈరోజు ఉపాధిహామీ పనికో, వస్త్ర పరిశ్రమకో, ఆఫీసుకో వెళ్తోంది. వెళ్లాలి కూడా. ఆమె వదిలిన చోటును ఎవరు భర్తీ చేస్తారన్న ప్రశ్నకు మన దగ్గర ఇంకా జవాబు లేదు. కొడుకులు నెలకొకరి చొప్పున వంతులు వేసుకుని అమ్మానాన్నల్ని పంచుకోవడం ఆ జవాబు లేకపోవడంలోంచి పుట్టిన ఏర్పాటే.

ఇక ఆరోగ్యం. వృద్ధాప్యం అనగానే మనకు రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు గుర్తొస్తాయి. అవి ఉన్నాయి. 60 దాటినవారిలో సుమారు మూడింట ఒకవంతు మందికి రక్తపోటు ఉన్నట్టు లాసీలో తేలింది. కానీ పెద్దవారి ఆరోగ్యాన్ని జబ్బుల జాబితాతో కొలవడం చాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదికలో స్పష్టంగా చెప్పింది. మనిషి తనకు విలువైన పనులు తాను చేసుకోగలగడమే ఆరోగ్యకరమైన వృద్ధాప్యమని అది నిర్వచించింది. దీన్నే మన పెద్దలు కాలూ చేయీ ఆడటం అంటారు. ‘ఇంకొకరి చేత చేయించుకోకుండా వెళ్లిపోతే చాలు’ అని వారు కోరుకునేదీ ఇదే. ఆ కొలతతో చూస్తే, స్నానం, నడక, మరుగుదొడ్డికి వెళ్లడం వంటి రోజువారీ పనుల్లో ఒక్కదానికైనా ఇబ్బంది పడుతున్నవారు లాసీ ప్రకారం దాదాపు నలుగురిలో ఒకరు. ఈ ఇబ్బంది చాలామందికి పెద్ద జబ్బుతో మొదలవదు. కంటి శుక్లంతో, ఊడిన పళ్లతో, వినపడని చెవితో, అరిగిన మోకాలితో మొదలవుతుంది. హైదరాబాద్ ప్రాంతంలోని నలభైకి పైగా వృద్ధాశ్రమాల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన అధ్యయనంలో పదిమందిలో ముగ్గురికి చూపు తగినంత లేదని తేలింది. ప్రధాన కారణాలు శుక్లాలు, సరైన కళ్లద్దాలు లేకపోవడం. రెండూ తేలికగా నయం చేయగలిగినవే. చూపు మందగించిన మనిషి చీకట్లో గడప తట్టుకుని పడుతుంది. తుంటి ఎముక విరుగుతుంది. మంచాన పడుతుంది. ఒంటికి పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది. మరణ కారణంగా న్యుమోనియా అని రాస్తారు. అసలు కారణం సమయానికి దొరకని కళ్లద్దాలని ఏ కాగితంలోనూ ఉండదు.

ఆరోగ్యాన్ని వైద్యశాఖకు, ఆదరణను సంక్షేమశాఖకు పంచి ఇవ్వడం మన పాలనలో అలవాటు. మనిషి శరీరంలో అలాంటి విభజన లేదు. 2010లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలన, మూడు లక్షలకు పైగా మనుషులపై జరిగిన 148 అధ్యయనాలను కలిపి చూసింది. బలమైన మానవ సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం, అవి లేనివారికంటే సుమారు 50 శాతం ఎక్కువని తేల్చింది. పొగ మానడం వల్ల కలిగే మేలుతో పోల్చదగిన మేలు ఇది. మతిమరుపు వ్యాధుల సంగతే చూడండి. లాసీకి అనుబంధంగా జరిగిన పరిశోధన మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు అంచనా వేసింది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం, ఈ వ్యాధి భారంలో దాదాపు 45 శాతానికి నివారించదగ్గ 14 కారణాలే మూలమని చెప్పింది. వాటిలో రక్తపోటు, మధుమేహం ఉన్నాయి, వాటి పక్కనే వినికిడి లోపం, చూపు లోపం, చిన్నతనంలో చదువు లేకపోవడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. వినపడని పెద్దాయన అరుగు మీద కబుర్లకు దూరమవుతాడు. మాటలు తగ్గి, బయటికి రావడం తగ్గి, చివరికి మతి తగ్గుతుంది. చాదస్తమనో వయసనో మనం సరిపెట్టుకుంటాం. చికిత్స అందని దిగులుకూ, మందు కుదరని నిద్రలేమికీ మన ఇళ్లలో పెట్టే పేరు కూడా వయసే.

ముసలితనం భారం ఆడవారి మీద రెట్టింపు పడుతుంది. వారు మగవారికంటే ఎక్కువకాలం బతుకుతారు, భర్తలకంటే వయసులో చిన్నవారు. అందువల్ల 60 దాటిన స్త్రీలలో దాదాపు సగం మంది భర్తను కోల్పోయినవారు. భర్త మంచాన పడ్డప్పుడు భార్య చూసుకుంటుంది. ఆమె మంచాన పడేసరికి చూసుకోవడానికి అతను ఉండడు. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, పాడి చూసుకున్న మనిషి పేరు మీద పొలం ఉండదు, పట్టా ఉండదు, ఉద్యోగ విరమణ పింఛను ఉండదు. 60 దాటాక కూడా మన దేశంలో మూడోవంతుకు పైగా మనుషులు ఏదో ఒక పని చేస్తూనే ఉన్నారు. ఇష్టంతో చేసేవారు కొందరైతే, చేయకపోతే గడవనివారు చాలామంది. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగి, వాటితో మూత్రపిండాలు దెబ్బతిన్నా పనికి వెళ్లే అవ్వలు వారిలోనివారే. బస్సు టికెట్టు ఉచితమైనా ఎత్తయిన మెట్టు ఎక్కలేనివారికి ఆ ప్రయాణం అందదు. వృద్ధాప్య విధానం అని ఏది రాసుకున్నా, ముందు ఈ స్త్రీకి అది అక్కరకు వస్తుందా అని పరీక్షించాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం నెలకు 75 రూపాయలతో వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. ఇవాళ కేంద్రం వాటా 80 ఏళ్లలోపు వారికి 200 రూపాయలు, ఆపైన 500. ఏళ్లు గడుస్తున్నా ఆ అంకె కదలలేదు. మిగిలింది రాష్ట్రాలు కలుపుతున్నాయి. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000కు చేరింది. ఆంధ్రలో ప్రతి నెలా మొదటి తారీఖున సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆ డబ్బు చేతికిస్తారు. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోని తిప్పలు ఉన్నా, ఇది గొప్ప ఏర్పాటు. చేతిలో సొంత డబ్బు ఉన్న ముసలమ్మకు ఇంట్లో మాట చెల్లుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన ప్రతివారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు వర్తిస్తోంది. కానీ ఆ బీమా పనికొచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడు. రోజువారీ మాత్రలకు, కళ్లద్దాలకు, వినికిడి యంత్రానికి, మంచాన ఉన్నవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టే చేతులకు అది వర్తించదు. వృద్ధులకు చేతికర్ర, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. శిబిరం పెట్టి ఒకసారి ఇచ్చి వెళ్తారు. ఆ పళ్లు సరిపోయాయా, ఆ యంత్రం మోగుతోందా అని తర్వాత వచ్చి అడిగే మనిషి లేరు. నెలకోసారి పింఛను అందుకునే ప్రతి వృద్ధుడి గుమ్మం తొక్కగల యంత్రాంగం ఆంధ్రలో ఉంది. ఆ గుమ్మంలో డబ్బు తప్ప మరేమీ దిగడం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆర్డీఓ స్థాయిలో ట్రిబ్యునల్ పెట్టింది, పిల్లల నుంచి నెలకు 10 వేల రూపాయల దాకా మనోవర్తి ఇప్పించే వీలు కల్పించింది. పోషిస్తారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, వారు పోషించకపోతే వెనక్కి తీసుకునే దారిని సెక్షన్ 23 చూపింది. మోసపోయినవారికి ఇది పెద్ద అండ, ప్రతి పెద్దవారికీ తెలియాల్సిన హక్కు. అయినా కన్నబిడ్డ మీద కాగితం పెట్టడానికి మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మనసు ఒప్పదు. పెట్టినా, ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు గానీ దగ్గర కూర్చునే మనిషిని ఇప్పించలేదు. కొడుకు కూడా రోజుకూలీయే అయినచోట ఎవరిని ఆదేశించి ఏం ప్రయోజనం? ఈ చట్టం తప్పుచేసిన కుటుంబాన్ని దారికి తెస్తుంది, చేతకాని కుటుంబాన్ని ఆదుకోదు.

నా ప్రతిపాదన మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది సంస్కృతికి సంబంధించినది. ప్రభుత్వం చూసుకుంటుందంటే పిల్లలు బాధ్యత వదిలేస్తారని, మన కుటుంబ విలువలు చెడతాయని అంటారు. ఈ భయంలో ప్రేమ ఉంది గనుక దీన్ని తేలిగ్గా తీసుకోను. కానీ కుటుంబ ధర్మానికి మనంత విలువ ఇచ్చే జపాన్ 2000లో 40 ఏళ్లు దాటినవారందరూ చందా కట్టే దీర్ఘకాలిక సంరక్షణ బీమాను తెచ్చింది. అత్తమామల్ని చూసుకోలేక కోడళ్లు నలిగిపోతున్నారన్న స్పృహే దానికి ఒక ముఖ్య కారణం. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కేరళ. 1993లో కోజికోడ్‌లో చిన్నగా మొదలైన ఉపశమన సేవ ఊరూరా వాలంటీర్లతో అల్లుకుంది. 2008లో రాష్ట్రం దానికి విధానం రూపొందించాక పంచాయతీలు నర్సులను పెట్టి ఇంటింటికీ పంపాయి. అక్కడ రోగి ఇంట్లోనే ఉంటారు, చూసుకునేదీ ఇంటివారే. నర్సు వచ్చి పుండు ఎలా కడగాలో, పక్క ఎలా మార్చాలో వారికి నేర్పుతుంది. అలసి విసిగిన చేతుల నుంచే ఇంట్లో కసురుళ్లు, చీదరింపులు పుడతాయి. ఆ చేతులకు సాయం దొరికితే ప్రేమ నిలుస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బు. పింఛన్లకే ఖజానా సరిపోవడం లేదు, ఇంకో భారం ఎక్కడిది అంటారు. తుంటి విరిగాక చేసే ఆపరేషన్‌కు, పక్షవాతం వచ్చాక పెట్టే ఖర్చుకు ఇప్పటికే ప్రభుత్వం చెల్లిస్తోంది. శుక్లం తీయడం, రక్తపోటు మాత్ర ఆగకుండా చూడటం, స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించడం వాటితో పోలిస్తే చాలా చౌక. మనుషులూ ఉన్నారు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఉన్నారు, ఆంధ్రలో పల్లెకు వచ్చే 104 వాహనం కూడా ఉంది. వీటన్నిటినీ మించి, దేశానికే దారి చూపిన మహిళా స్వయం సహాయక సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ సంఘాల నుంచి కొందరికి వృద్ధుల సంరక్షణలో శిక్షణ ఇచ్చి, గౌరవమైన జీతంతో నియమిస్తే అది ఖర్చుతో పాటు ఊళ్లో ఉపాధి కూడా అవుతుంది. ఇప్పటికే మోయలేని పని మోస్తున్న ఆశాల నెత్తిన జీతం లేకుండా దీన్నీ పెట్టడం మాత్రం తప్పు. కోడలి జీతం లేని చాకిరీని ఇంకో పేద స్త్రీకి బదిలీ చేసినట్టవుతుంది.

మూడోది ఈ మధ్య గట్టిగా వినపడుతున్న వాదన. ఎక్కువమంది పిల్లల్ని కంటే సమస్య తీరుతుందని. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అలా పిలుపునిచ్చారు. ఆ మరుసటి నెలలో, ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను శాసనసభ తొలగించింది. ఆ నిబంధన పోవడం మంచిదే. అది పేదలనూ స్త్రీలనూ శిక్షించింది. కానీ కాన్పుల సంఖ్యతో వృద్ధాప్యానికి జవాబు రాదు. 2045లో 65 ఏళ్లు నిండేవారు ఈరోజు నలభైలలో ఉన్నారు. వారి సంఖ్య ఇప్పటికే ఖాయమైపోయింది. ఈరోజు పుట్టిన బిడ్డ సంపాదనలో పడటానికి కనీసం ఇరవై ఏళ్లు కావాలి, పడ్డాక ఊళ్లో ఉంటుందన్న హామీ లేదు. ఇక కొందరు వృద్ధాశ్రమాలే పరిష్కారమంటారు. ఎవరూ లేనివారికి అవి తప్పనిసరి. జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మందికి ఆశ్రయం ఇచ్చేలా దశలవారీగా నెలకొల్పేందుకు 2007 చట్టమే వీలు కల్పించింది. వాటికి తనిఖీ ఉండాలి, వైద్యం అందాలి. అయితే ఎక్కువమంది పెద్దలు తమ ఇంట్లో, తమ వీధిలో, తమ వాళ్ల మధ్య ఉండాలనుకుంటారు. ఆ కోరికను నిలబెట్టగల ఏర్పాటు ఊళ్లోనే పుట్టాలి.

ఊరి పూచీ అంటే ఆచరణలో ఏమిటో చెప్పి ముగిస్తాను. ప్రతి పంచాయతీ, ప్రతి వార్డు తన పరిధిలోని వృద్ధుల జాబితా రాయాలి. అందులో వయసుతో పాటు చూపు, వినికిడి, నడక, నమలడం, జ్ఞాపకశక్తి, తోడు ఎలా ఉన్నాయో ఏటా నమోదు చేయాలి. నడవలేనివారి ఇంటికి పదిహేను రోజులకొకసారైనా శిక్షణ పొందిన మనిషి వెళ్లాలి. పగటిపూట పెద్దలు కలిసి కూర్చోవడానికి, మధ్యాహ్నం ఒక ముద్ద తినడానికి ఊరికొక చోటు ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు ఫిజియోథెరపీ, కళ్లు, పళ్ల పరీక్ష జరగాలి. మంచాన పడ్డవారిని చూసుకుంటున్న ఇంటివారికి నెలకు కొన్ని రోజులైనా ఊపిరి తీసుకునే వీలు కల్పించాలి. ఈ పనులను చూసే కమిటీలో వృద్ధులే, ముఖ్యంగా ఒంటరి స్త్రీలు, సగం మంది ఉండాలి. ఇందులో ఏదీ అసాధ్యం కాదు. పల్స్ పోలియోకు ఇల్లిల్లూ తిరిగిన యంత్రాంగం, పింఛను గుమ్మం దాకా మోసిన యంత్రాంగం దీన్నీ చేయగలదు. అది జరగాలంటే మనం అడగాలి. ఇకముందు మీ ఊళ్లో సర్పంచి పదవికో, మీ పట్టణంలో వార్డు పదవికో ఓటు అడగడానికి ఎవరొచ్చినా, మా ఊళ్లో మంచం దిగలేని పెద్దవారు ఎందరు, వారి గుమ్మం ఎవరు తొక్కుతారు అని నిలదీయండి. జవాబు చెప్పగలిగినవారికే ఓటు వేయండి.